మూడుతో భాగహారం

దివిసీమ మొత్తానికీ ఒక క్రిస్మస్ పూట బన్నులు తినిపించినవాణ్ణి నేను. డెబ్భై ఎనిమిదో సంవత్సరం సంగతి. పులిగడ్డ దాటింది మొదలు సముద్రం కనపడేదాకా, ఆ రోజు నా చేతి బన్ను తినని నోరు లేదు. కావాలంటే బందరులో ఎవర్నయినా అడగండి. లేదంటారు, అది వేరే సంగతి. వాళ్ళకి నేనంటే కాస్త అసూయ.

నా పేరు దైవాధీనం. మా ఇంటి ఖర్చులు కూడా చాలాకాలం నా పేరు చెప్పుకునే నడిచాయి. తరవాత మా ఆవిడ దేవమ్మ వాటిని చేతిలోకి తీసుకుంది. అప్పట్నించీ నేను పేరుకే దైవాధీనం, మనిషిని మాత్రం దేవమ్మాధీనం.

పెళ్ళయిన నెల తిరక్కుండానే ఆవిడ నన్ను కనిపెట్టేసింది. పొలంగట్టు మీద తొమ్మిదడుగుల పాముని చూశానని చెప్తుంటే, చేటలో రాళ్ళు ఏరుకుంటూ తలెత్తకుండానే, "అంటే మూడడుగులది" అంది. అది సరిగ్గా మూడడుగులదే. ఆ రోజు నించీ నేను ఏ అంకె చెప్పినా దాన్ని మూడుతో భాగించే వింటుంది. ముప్పైమంది భోజనానికి వస్తున్నారంటే పదిమందికి వండుతుంది. అన్నం మిగిలిన రోజూ లేదు, చాలని రోజూ లేదు.

నేను గూడూరు దగ్గర ఒక బియ్యం మిల్లులో కాటా గుమస్తాని. నెలకి నూట నలభై. అంతకుముందు ఏడాది తుపానుకి మా మిల్లు కప్పు లేచిపోయింది. అందులో ఒక రేకు గుడివాడ స్టేషన్లో దిగిందనీ, టిక్కెట్టు లేదని స్టేషన్ మాస్టరు దాన్ని పట్టుకున్నాడనీ నేను చాలా చోట్ల చెప్పాను. దివిసీమలో ఆ రాత్రి జరిగిన దాని మీద మాత్రం ఎన్నడూ ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పలేదు. దానికి నా కోతలు అక్కర్లేదు. మా షావుకారు తడిసిన ధాన్యం తెగనమ్ముకుంటూ వేసవి దాకా లాక్కొచ్చాడు. ఆషాఢంలో ఒక సాయంత్రం, పంట చేతికొచ్చాక కబురు పెడతాను దైవాధీనం, అన్నాడు. ఆ కబురు ఇప్పటికీ రాలేదు.

ఇంగ్లీషుపాలెంలో అద్దె పెంకుటిల్లు మాది. నెలకి ముప్పై రూపాయలు. వెనక దడికి అవతల రహమత్ బీ ఉండేది. ఆవిడ భర్త అల్లాబక్షుగారు బతికుండగా పెరట్లో బట్టీ కట్టుకుని, రొట్టెలు కాల్చి బందరు హోటళ్ళకి వేసేవాడు. ఆయన పోయాక బట్టీలో పిల్లి ఈనింది. నేను పని పోగొట్టుకుని ఇంటికొచ్చిన మూడోరోజున మా ఆవిడ దడిలో ఇద్దరు మనుషులు పట్టేంత సందు చేసి, అవతలికి వెళ్ళి, పిల్లిని కూనలతో సహా బుట్టలోకి మార్చి, బట్టీ ఊడవడం మొదలెట్టింది. రహమత్ బీ గుమ్మంలో నిలబడి చూసి, "పిండి పిసకడం వచ్చా?" అంది. రాదంది మా ఆవిడ. "చేతులున్నాయిగా, రా" అంది రహమత్ బీ.

నెల తిరిగేసరికి రోజుకి ఎనిమిది డజన్ల బన్నులు వచ్చేవి. బన్ను పదిహేను పైసలు. కట్టెలు, పిండి, రెక్కల కష్టం మా ఆవిడవి. బట్టీ, పనితనం రహమత్ బీవి. లాభంలో నాలుగో వంతు ఆవిడకి. నా వంతు పని సైకిలు. వెనక బుట్ట కట్టుకుని పొద్దున్నే బయల్దేరి వీధి వీధీ తిరిగేవాణ్ణి. బన్నుతో పాటు ఒక కథ ఊరికే. నా కథ విని బన్ను కొన్నవాళ్ళున్నారు, బన్ను కొంటాం కథ వద్దన్నవాళ్ళూ ఉన్నారు.

ఇక అసలు సంగతి. తుపాను సాయంగా ఊళ్ళో పంచిన పాలపిండి డబ్బాలు మా ఇంట్లో రెండుండేవి. మా ఆవిడ మా అమ్మాయి చేత ఒకదాని మీద బొగ్గుతో ‘ఇల్లు’ అనీ, ఇంకోదాని మీద ‘పిండి’ అనీ రాయించి అలమరలో పక్కపక్కన పెట్టింది. బన్నులమ్మిన డబ్బులో మళ్ళీ మైదా, పంచదార, డాల్డా, సరుగుడు కట్టెలు కొనడానికి ఎంత కావాలో అంతా పిండి డబ్బాలోకి. రహమత్ బీ వంతు ఆవిడకి. మిగిలింది ఇంటి డబ్బాలోకి. కూరలూ, కిరసనాయిలూ, అమ్మాయి ప్రభావతి బడి ఖర్చూ, అద్దె, అన్నీ ఇంటి డబ్బాలోంచే. ఇల్లు పస్తున్నా సరే, పిండి డబ్బా మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. అది ఆవిడ పెట్టిన చట్టం.

ఒకరోజు మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి, బుట్టలో మిగిలిన బన్ను తీసి కొరకబోయాను.

"పదిహేను పైసలు" అంది మా ఆవిడ.

"నా దగ్గరా?"

"ఇంటి డబ్బాలోంచి తీసి పిండి డబ్బాలో వేసి తినండి."

"ఇదీ మనదే, అదీ మనదే కదే."

"మనది అనుకునే మిల్లులో నూకలు తెచ్చుకునేవారు. మీ షావుకారు ఏమైపోయాడు?"

షావుకారు నా నూకల మూలాన దివాలా తీశాడని ఆవిడ ఉద్దేశం. దడి అవతల రహమత్ బీ నవ్వు వినపడింది. నేను పదిహేను పైసలు ఆ డబ్బాలోంచి ఈ డబ్బాలోకి మార్చి, బన్ను తిన్నాను. నిజం చెప్పొద్దూ, అంత శ్రద్ధగా నేనెప్పుడూ దేన్నీ నమల్లేదు. ఇంట్లో అదే వరస. ప్రభావతి తిన్నా, ఆవిడ తిన్నా డబ్బు పడాల్సిందే, మాడిపోయిన బన్నైతే సగం ధర. మా అన్నయ్య జకరయ్య చూడ్డానికొచ్చి రెండు తింటే, ఆయన బస్సెక్కాక ముప్పై పైసలు నా చేతే వేయించింది.

ఇంకో వింత కూడా చూశాను. మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి ఒక కుండలో వేస్తారు. అది దేవుడి వంతు, ఆదివారం గుడికి వెళ్తుంది. మా ఆవిడ బన్నుల పిండి కలిపేటప్పుడు కూడా పిడికెడు మైదా తీసి వేరే కుండలో వెయ్యడం మొదలెట్టింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. దేవుడు కూడా బన్నులకి మరిగాడా అని అడిగాను. "ఇది దేవుడిది కాదు, బట్టీది" అంది. బట్టీ పిండి తినడం ఎక్కడా వినలేదు. నేను అంతటితో వదిలేశాను. ఆ కుండ నిండినప్పుడల్లా ఆ పిండి తూచి వాడుకునేది, దాని ఖరీదు ఏంచేసేదో నాకు తెలీదు.

ఇన్ని చేసినా అద్దె దగ్గర గండి పడింది. వర్షాలకి సరుగుడు తడిసి, బట్టీ వేడెక్కక, ఇంటి డబ్బా నెల నెలా అడుగంటేది. నవంబరు ఆఖరికి నాలుగు నెలల బాకీ. ఇంటాయన జనార్దనరావుగారు చెడ్డవాడు కాదు. వరండాలో నిలబడి, చెప్పులు విడవకుండా, మర్యాదగానే చెప్పాడు. జనవరి ఒకటోతారీఖుకి నూట ఇరవై కట్టండి, లేకపోతే ఖాళీ చెయ్యండి, బ్యాంకులో పనిచేసేవాళ్ళు అడుగుతున్నారు. అదే వారంలో మా అన్నయ్య ఉత్తరం వచ్చింది. అందరూ ఊరికి వచ్చెయ్యండి, నీకు ఎవరి దగ్గరైనా పాలేరుతనం చూస్తాను, మరదలికి కూలిపనికి లోటు లేదు, అని. ప్రభావతి అప్పుడు తొమ్మిదో తరగతి. మా ఊళ్ళో బడి అయిదుతో ఆఖరు. నేను చదివింది ఆ బడే, చూస్తున్నారుగా.

ఉత్తరం విని మా ఆవిడ అన్నది ఒక్కటే మాట.

"వెళ్తే ఈ బట్టీ మనతో రాదండీ."

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఆ దిగులులో, మనకి లేనిది పేరు, పేరుంటే బేరం తానే వస్తుందని నాకు తోచింది. డిసెంబరు మొదట్లో, మా ఆవిడ గుడికి వెళ్ళిన ఒక పూట, పిండి డబ్బాలోంచి నలభై రూపాయలు తీశాను. తిన్నగా జిలానీ దగ్గరికి వెళ్ళాను. జిలానీ రహమత్ బీ అక్క కొడుకు, బోర్డులు రాస్తాడు. మంచి మందం రేకు మీద నీలం రంగు వేసి, తెల్లటి అక్షరాలతో రాయమన్నాను. ఏమని రాయమన్నాననుకున్నారు? ‘దైవాధీనం బేకరీ, బందరు’. క్రిస్మస్ రోజు పొద్దున్న తెచ్చి గుమ్మానికి కొట్టి మా ఆవిణ్ణి ఆశ్చర్యపరచాలని ఆలోచన. పిండి పిసికేది ఆవిడ, నేర్పింది రహమత్ బీ, బోర్డు మీద పేరు నాది. ఇందులో ఏదో తేడా ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

తరవాత వారం చల్లపల్లి బస్టాండులో బుట్ట దింపుకుని కూర్చున్నాను. అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డ ఒక సన్నపాటి మనిషి బన్ను కొన్నాడు. సగం తిని, మిగతా సగం జేబురుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. కథ చెప్పబోతే విన్లేదు గానీ, తిరిగి వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. పేరు నతానియేలు. అవనిగడ్డకి అవతల సముద్రం వైపు ఒక పేటలో పంతులు. అరవై ఇళ్ళు కొత్తగా కట్టించారట, రెండువందల నలభైమంది మిగిలారట. మిగిలారు అనే మాట మామూలుగా అన్నాడు.

"పోయిన క్రిస్మస్‌కి మావాళ్ళు వరసలో నిలబడి రొట్టె తిన్నారండీ. హెలికాప్టర్లు పైనించి పడేసిన పొట్లాలు కూడా తిన్నారు. ఈసారి ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, పళ్ళెంలో పెట్టుకుని తినాలి. ఇంటింటికీ చందా వేసుకున్నాం. మనిషికి రెండు చొప్పున, ఎండుద్రాక్ష వేసి చేస్తారా?"

మనిషికి రెండంటే నాలుగువందల ఎనభై. నలభై డజన్లు. ద్రాక్ష బన్ను ముప్పై పైసలకి ఒప్పుకున్నాం. ఇరవై రూపాయలు బయానా ఇచ్చి, బస్సు కదులుతుంటే ఎక్కేశాడు. నేను సైకిలు మీదున్నా నేల మీద లేను. రహమత్ బీ వంతు పోను ఆ బేరంలో యాభై నాలుగు మిగులుతుంది. ఇంటి డబ్బాలో అరవై ఆరు ఉంది. అద్దె బాకీ నూట ఇరవై. కాటా గుమస్తాకి అంతకంటే చక్కటి తూకం దొరకదు.

ఇంటికొచ్చి గుమ్మంలోంచే చెప్పాను. "నలభై డజన్లు, దేవమ్మా. దివిసీమకి."

ఆవిడ సరేనని తలూపి, బయానా పిండి డబ్బాలో వేసి, ప్రభావతిని పిలిచి పుస్తకంలో రాయించింది. ఏమని రాయించిందో నేను చూడలేదు. పన్నెండుని మూడుతో భాగిస్తే నాలుగు. మా వైపు నాలుగుని పుంజీ అంటాం. బన్నులు, గుడ్లు చిల్లరగా పుంజీల్లోనే అమ్ముతాం. ఆవిడ రాయించింది నలభై పుంజీలు. అంటే నూట అరవై. నేను చెప్పిన అంకె కాబట్టి, దారిలో ఉబ్బి ఉంటుందని, అలవాటుగా దాని గాలి తీసింది. ఆ బుధవారం నూట అరవై బన్నులకి సరిపడా మైదా, ద్రాక్ష తెప్పించింది కూడా. దాంతో అద్దె పూర్తిగా తేలదని ఆవిడకి తెలుసు. అయినా నాతో అనలేదు. ఖాళీ బియ్యం బస్తాలు రెండు ఉతికి ఆరేస్తుంటే ఎందుకో అనుకున్నాను. సామాన్లు సర్దడానికట.

క్రిస్మస్ సోమవారం పడింది. ముందు శుక్రవారం మధ్యాహ్నం పోస్టుమాన్ కార్డు ఇచ్చి వెళ్ళాడు. ప్రభావతి పైకి చదివింది. మేమడిగిన నలభై డజన్లు, అనగా నాలుగువందల ఎనభై బన్నులు, ఆదివారం పొద్దున్న బస్సుకి వేసి పంపగలరు, బండి పెట్టుకుని అవనిగడ్డలో ఉంటాము, పిల్లలు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు, ఇట్లు నతానియేలు.

మా ఆవిడ చేతిలో జల్లెడ ఆగిపోయింది. కార్డు తీసుకుని, చదవడం రాకపోయినా అంకెలు చూసింది. తరవాత నన్ను చూసింది. పదహారేళ్ళ కాపరంలో అలా ఎప్పుడూ చూడలేదు.

"మీరు నిజం చెప్పారా?" అంది.

"ఒక్కోసారి పొరపాటున వచ్చేస్తుంది" అన్నాను.

నవ్వలేదు. గబగబా వేళ్ళ మీద లెక్క చూసుకుంది. ఇంకా మూడువందల ఇరవై బన్నులు. నలభై ఎనిమిది రూపాయల సరుకు. పిండి డబ్బాలో యాభై ఉండాలి. సరిపోతుంది, అద్దె కూడా తేలిపోతుంది, ఉన్న చోటే ఉంటాం, అని ఆవిడ మొహంలోనే నాకు కనపడింది. డబ్బా దింపింది. మూత తీసింది. ఉన్నది పది రూపాయలు.

రహమత్ బీ కూడా అప్పుడే దడి సందులోంచి వచ్చి నిలబడింది. నేను ముందుకి వచ్చాను.

"నలభై నేను తీశాను, దేవమ్మా."

"ఎందుకు?"

"బోర్డు రాయించాను. జిలానీ దగ్గర. ‘దైవాధీనం బేకరీ, బందరు’ అని. నీలం మీద తెలుపు."

రహమత్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రభావతి నేల చూపులు చూసింది. నేను మా ఆవిడ నోటివెంట ఏం వస్తుందా అని, మిల్లులో బస్తా పడబోతుంటే తలమీద చేతులు పెట్టుకునేవాడిలా నిలబడ్డాను. ఆవిడ డబ్బా మూత పెట్టింది.

"ఎంత మందం రేకు?" అంది.

నాకు అర్థం కాలేదు.

"బట్టీ మూత చిల్లులు పడింది. రెండు వాయిలంటే తడిగోనె అడ్డం పెట్టి లాగిస్తున్నాం. ఇది ఎనిమిది వాయిల పని, వేడి నిలవదు. ఆ రేకు సరిపోతుందా?"

సరిపోతుందన్నాను. కొలిచి మరీ చేయించినట్టు సరిపోతుంది. అప్పుడు రహమత్ బీ వైపు తిరిగి, "వదినా, ఆ మూట" అంది. రహమత్ బీ వెళ్ళి ట్రంకుపెట్టె అడుగునించి ఒక గుడ్డమూట తెచ్చింది. విప్పితే అన్నీ చిల్లర నాణేలు, మాసిన రూపాయి నోట్లు. పొద్దున పిడికెడు, సాయంత్రం పిడికెడు. ఆషాఢం నించీ తీసిన మైదా ఖరీదు, వారం వారం ఆవిడ తీసుకెళ్ళి అక్కడ దాచింది. ఇంట్లో ఉంటే ఇంటికి అయిపోతుందని. నలభై ఒక్క రూపాయి, అరవై పైసలు. కావలసింది ముప్పై ఎనిమిది. నేను కాటా ముందు పన్నెండేళ్ళు కూర్చున్నాను. ముల్లు అంత నిబ్బరంగా నిలబడ్డం అప్పుడే చూశాను.

"ఈ డబ్బు మళ్ళీ మూటలోకి రావాలి. బోర్డు నలభై పిండి డబ్బా ఖర్చే. రాసుకో అమ్మా" అంది ప్రభావతితో. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. ప్రభావతి గుండ్రటి అక్షరాలతో రాసింది: బట్టీ మూత, నలభై రూపాయలు.

శనివారం తెల్లవారి మొదలెడితే పొద్దుగూకేదాకా ఎనిమిది వాయిలు. మా ఆవిడ పిండి పిసుకుతుంటే రహమత్ బీ ముద్దలు తెంపి రేకు పళ్ళాల్లో పేర్చేది. ప్రభావతి ఒక్కో ముద్దకీ నాలుగు ద్రాక్షలు లెక్కపెట్టి గుచ్చేది. ఐదోది గుచ్చితే వాళ్ళమ్మ చూపుతోనే తీయించేది. నేను కట్టెలు అందించి, బోర్డు పట్టుకుని కూర్చునేవాణ్ణి.

"అక్షరాలు లోపలికా, బయటికా?" అని అడిగాను.

"బయటికే. రంగు వాసన బన్నుకి పట్టకూడదు. పేరు కూడా కనపడుతుంది, మీకు తృప్తి" అంది.

తడిగోనె చేతులకి చుట్టుకుని, నా పేరుని నేనే బట్టీ నోటికి అదిమి పట్టుకున్నాను. మూడో వాయికి నీలం పొక్కులెక్కింది. ఐదో వాయికి ‘బందరు’ రాలిపోయింది. ఏడో వాయికి ‘బేకరీ’ పోయింది. ఆఖరి వాయి దింపి చూస్తే మొత్తం పేరులో మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. అందులోనూ ‘దై’ కింద ఉండే మెలిక కాలిపోయి ‘దె’ అయింది. రహమత్ బీ వంగి చూసి, "ఇంకొక్క గీత గీస్తే దేవమ్మ అయిపోతుంది తమ్ముడూ" అంది. మా ఆవిడ చూడను కూడా చూడలేదు. ఎనిమిదో పళ్ళెంలోంచి ఒక బన్ను విరిచి, వాసన చూసి, రహమత్ బీ నోట్లో పెట్టింది. తరవాత లేచి వెళ్ళి, ఇంటి డబ్బాలోంచి ముప్పై పైసలు తీసి పిండి డబ్బాలో వేసింది. తక్కువైన ఆ బన్ను స్థానంలో ఇంకోటి కాల్చే ఉంచింది కూడా.

ఆదివారం ఆరు వెదురు బుట్టలు బస్సు టాపు మీద కట్టించాను. ఆ వాసనకి ప్రతి స్టాపులోనూ ఎక్కేవాళ్ళే గానీ దిగేవాళ్ళు లేరనీ, మోపిదేవి దగ్గర బస్సు దానంతట అదే ఆగిపోయిందనీ తరవాత చెప్పుకున్నాను. మా ఆవిడ వస్తే బాగుండేది. ఆదివారం, గుడి మానదు.

పేటలో మర్నాడు క్రిస్మస్. రాత్రికి ఉండిపొమ్మన్నారు, ఉన్నాను. పొద్దున్న ప్రార్థన అయ్యాక ఎవరూ వరసలో నిలబడలేదు. ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. నేనూ, నతానియేలు మాస్టారూ బుట్ట మోసుకుని ఇల్లిల్లూ తిరిగాం. సున్నం వాసన ఇంకా పోని గోడలు. ప్రతి ఇంట్లోనూ కడిగిన పళ్ళేలు, మనిషికి ఒకటి, ముందే పరిచి పెట్టారు. ఒక ఇంట్లో ఎల్లయ్య అనే ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒక్కటే పళ్ళెం. రెండు బన్నులు పెడితే, ఒకటి తిరగేసి అడుగు చూశాడు, బూజుందేమోనని. ఆకాశంలోంచి పడ్డవి అలా చూసుకుని తిన్న అలవాటు.

"ఇది ధర్మానిదా?" అని అడిగాడు.

"కాదు తాతా, కొన్నదే. నీ చందా కూడా ఉంది ఇందులో. అరవై పైసలు" అన్నాడు మాస్టారు.

"నేను ఇచ్చానా?"

"నువ్వే ఇచ్చావు."

అప్పుడు కొరికాడు. ఆ ముసలాయన తింటుంటే నాకు మా అలమరలో డబ్బాలు రెండూ గుర్తొచ్చాయి.

అదీ సంగతి. దివిసీమ మొత్తం అన్నాను కదా, ఒక్క పేట. అరవై ఇళ్ళు. నా చేతి బన్ను అన్నాను కదా, ఆ చేతులు నావి కావు. నాకు ఇప్పటికీ గుడ్డు పగలగొట్టడం కూడా సరిగ్గా రాదు. అంత మాత్రాన మొదట్లో అన్న మాట వెనక్కి తీసుకుంటానని కాదు. ఆవిడ చేసింది నేను చేసినట్టే కదా అనుకునే రోజులు పోయాయి గానీ, ఆవిడ చేసిందని చెప్పుకోవడానికి నాకంటే హక్కు ఎవరికుంది?

జనవరి ఒకటిన జనార్దనరావుగారు వరండాలో చెప్పులు విడిచి కూర్చున్నాడు. నూట ఇరవై లెక్కపెట్టి, రసీదు రాసి, లోపల్నించి వాసన వస్తుంటే, ఏదీ తల్లీ, దివిసీమ వెళ్ళిన బన్ను మాకు పెట్టవా, అన్నాడు. మా ఆవిడ పళ్ళెంలో పెట్టి తెచ్చి, మంచినీళ్ళు పక్కన పెట్టింది.

"ముప్పై పైసలండీ" అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను దూలాల వైపు చూశాను. ఇచ్చాడు.

ఆ ఇంట్లోనే ఇంకా పంతొమ్మిదేళ్ళు ఉన్నాం. ప్రభావతి అక్కడినించే చదువుకుని టీచరయింది. బట్టీకి కొత్త మూతలు రెండు మారాయి.

కథ చెప్పినవాడు అందులో ఏది కల్పించాడో కూడా చెప్పాలని ప్రభావతి పట్టు. మీరు ‘దె’ అక్షరం దగ్గర అనుమానపడి ఉంటారు. అది నిజం. ఆ రేకు మా పెరట్లో ఉంది, వచ్చి చూసుకోండి. నేను కల్పించింది వేరే. డబ్బా మూత తీసినప్పుడు నేను ముందుకొచ్చి ‘నలభై నేను తీశాను’ అన్నానని రాశాను కదా, అనలేదు. ఊళ్ళో ఇంత మాట్లాడే నోరు ఆ పూట పెగల్లేదు. తలుపుకి ఆనుకుని నిలబడ్డానంతే. ఆవిడ పది రూపాయలూ చూసింది, మూత పెట్టింది, నన్ను ఏమీ అడగలేదు. "జిలానీ దగ్గర మీ రేకు ఈపాటికి ఆరిపోయి ఉంటుంది. తీసుకురండి, బట్టీకి మూత కావాలి" అంది. అంతే.

ఆవిడకి ఎలా తెలుసో చాలా ఏళ్ళకి జిలానీ చెప్పాడు. నేను డబ్బిచ్చి వచ్చిన మర్నాడే, నా పేరులో ‘ధీ’కి వత్తు ఉంటుందా ఉండదా అని అనుమానమొచ్చి, మా ఇంటికి అడగడానికి వచ్చాడట. మా ఆవిడకి చదవడం రాదు కదా. ప్రభావతి బడి నించి వచ్చేదాకా వాణ్ణి కూర్చోబెట్టి, అడిగి, "వత్తు పెట్టు జిలానీ. ఆయన పేరు తప్పు రాయకు" అని చెప్పి పంపిందట. అంటే ఇరవై రోజులు ఆవిడకి తెలుసు. ఆ ఇరవై రోజులూ పిండి డబ్బా అదే అలమరలో, అదే చోట, తాళం లేకుండా ఉంది.

ఈ కథ ప్రభావతి ఆవిడకి చదివి వినిపిస్తుంది. దివిసీమ మొత్తం అన్న చోట ఎలాగూ మూడుతో భాగిస్తుంది, బస్సు ఆగిన చోట ఇంకా పెద్ద అంకెతో. ఈ ఆఖరి ముక్క మాత్రం భాగించొద్దని చెప్పమన్నాను.